అక్క అంపైరింగ్

విత్తన పరీక్షశాలలో ఆవిడని అందరూ అక్కయ్య గారనే పిలుస్తారు. వయసులో ఆవిడకంటే పెద్దవాడైన అధికారి కూడా అలాగే పిలుస్తాడు. ఆ పిలుపులో ప్రేమ ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఎవరు ఫోన్లు చేసినా, ఎవరు గుమ్మంలో నిలబడి నసిగినా, ఆవిడ మొలిచినదాన్ని మొలిచిందనీ మొలవనిదాన్ని మొలవలేదనీ రాస్తుంది. "నా చేతికి చుట్టాల్లేరు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు మెడ కొంచెం నిక్కుతుంది. మనలో మాట, ఆ మెడ నిక్కడంలోనే ఉంది గొడవంతా.

అక్కడి పని చెప్పుకోవడానికి తేలికే. రైతులు పంపిన విత్తనం చిన్న సంచుల్లో వస్తుంది. ముందు గదిలో పేరు తీసేసి అంకె వేస్తారు, ఎవరిదో పరీక్ష చేసేవాళ్లకి తెలియకూడదని. అందులోంచి వంద గింజలు తీసి, తడిపిన మందపాటి కాగితం మీద వరసగా పేర్చి, చాపలా చుట్టి, వెచ్చటి అలమరాలో నిలబెడతారు. వారం దాటాక చుట్ట విప్పి మంచి మొలకలెన్నో చూస్తారు. నూటికి ఎనభై ఉంటే అది విత్తనం. లేకపోతే పశువుల దాణా.

కొత్తగా వచ్చిన లెక్కలమ్మాయి మాత్రం ఆ వంద గింజలు తీయడం మీద పడి అందరి ప్రాణాలూ తోడేసింది. ఆ పిల్ల చదివింది గణాంకాలు. ఆ గదిలో అక్కయ్య గారితో పాటు మొలకలు చూసే ఇంకో మనిషి ఉన్నాడు, దళసరి కళ్లద్దాల వల్ల సోడాబుడ్డి అని పేరుపడ్డ పెద్దమనిషి. ఆయన్ని కూచోబెట్టి, "ఏదీ ఎంచకుండా ఒక వంద గింజలు తియ్యండి బాబాయ్" అంది. తీశాడు. తూచి చూస్తే, ఆయన తీసినవి సంచిలో మిగిలినవాటికంటే బొద్దుగా తేలాయి.

"నేనేం ఎంచలేదమ్మా" అన్నాడాయన బిక్కమొహం వేసి.

"మీరు ఎంచలేదు బాబాయ్. మీ వేళ్లు ఎంచాయి. బొద్దుగా ఉన్నదాని మీదికి చెయ్యి దానంతటదే పోతుంది."

ఆ రోజునుంచీ గింజలు చేత్తో తీయడం మానేశారు. పైనుంచి పోస్తే రెండు పక్కలకీ సగం సగం చీలిపోయే రేకుడబ్బా ఒకటి మూలన పడి ఉంటే, దాని బూజు దులిపి వాడుతున్నారు. అక్కయ్య గారికి ఆ పిల్ల తెగ నచ్చేసింది. మధ్యాహ్నం వెనక వరండాలో ఇద్దరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూచునేవారు.

"పక్షపాతం లేకపోవడమంటే తప్పు చేయకపోవడం కాదు అక్కయ్య గారూ" అంది లెక్కలమ్మాయి ఒకరోజు, నోట్లో ముద్ద పెట్టుకుంటూనే. "మా అమ్మ కూరలో ఉప్పు చేత్తో వేస్తుంది. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఏ రోజూ సరిగ్గా కుదరదు. అయినా అమ్మ చేతికి పక్షపాతం లేదు. నెలంతా కలిపి చూస్తే ఎక్కువలూ తక్కువలూ చెల్లుకు చెల్లు. మా పెద్దమ్మ అలా కాదు, రోజూ ఎక్కువే. ఆవిడ తప్పులన్నీ ఒకే వైపు. అదీ పక్షపాతమంటే."

"మరి మీ పెద్దమ్మకి ఎవరూ చెప్పలేదా?"

"డాక్టరు చెప్పాడు. ఇప్పుడు అసలు వెయ్యట్లేదు. రోజూ చప్పిడి తిండే. నా ఉప్పు జబ్బు పోయిందని ఊరంతా చెప్పుకుంటోంది. పోలేదండీ, దిక్కు మార్చుకుంది."

అక్కయ్య గారు పొలమారేలా నవ్వింది. ఇంటికి వెళ్లి మొగుడికి కూడా చెప్పి నవ్వించింది. ఆ పెద్దమ్మకీ తనకీ ఏమైనా పోలిక ఉందేమోనన్న ఆలోచన మాత్రం ఆవిడ దరిదాపులకి రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ సంచి వచ్చింది. మూతి విప్పి రేకుడబ్బాలో పోయబోతూ అక్కయ్య గారు చెయ్యి ఆపేసింది. తెల్లటి చిక్కుడు గింజలు. ప్రతి గింజకీ కన్ను దగ్గర నల్లటి మచ్చ, ఆ మచ్చ చివర కాటుక పెట్టి తోక తీసినట్టు సన్నటి గీత. కాటుక గింజలు. అవి పుట్టింటి పెరట్లో అమ్మ పెంచినవి. అమ్మ పోయాక పాది ఎండిపోతే, చివరి గుప్పెడు గింజలూ తమ్ముడు దాచుకున్నాడు. పందిరి అక్కర్లేకుండా పొలంలో పొదలా పెరిగే మొక్కల్ని ఏరి ఏరి, మిగతావి పీకి పారేసి, ఏళ్లకేళ్లు దానితోనే కాపురం చేశాడు. ఈ ఏడే మొదటిసారి విత్తనాల డిపోకి ఇచ్చేంత పండింది. ప్రపంచం మొత్తం మీద ఇంకెవరి దగ్గరా లేని గింజ అది. సంచి మీద ఏ అంకె వేస్తే మాత్రం ఏం లాభం?

ఎప్పుడు పంపుతున్నాడో తమ్ముడు చెప్పలేదు. చెప్తే అక్క ఇబ్బంది పడుతుందని మెదలకుండా ముందు గదిలో ఇచ్చేసి వెళ్లిపోయాడు. వాడి తీరే అంత, నోట్లో నాలుక లేని మనిషి.

ఇలాంటప్పుడు ఏం చేయాలో పరీక్షశాలలో ఒక పద్ధతి ఉంది. విత్తనం ఎవరిదో తెలిసిపోతే ఆ మాట చెప్పేసి రెండో మనిషికి ఇచ్చేయాలి. సోడాబుడ్డి అప్పుడు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అక్కయ్య గారు అనలేదు. చేతికి చుట్టాల్లేరని ఇన్నేళ్లూ చెప్పుకున్న మనిషి, ఇప్పుడు వెళ్లి ఇది నా తమ్ముడిది, నా వల్ల కాదు అని చెప్పుకోవాలా? నామోషీ అనిపించింది. ఎవరి గింజైతే నాకేం అనుకుని డబ్బాలో పోసింది.

చుట్ట విప్పే రోజు రానే వచ్చింది. గింజల పైతొక్కలు ఊడి కాగితానికి అంటుకుని ఉన్నాయి, కాటుక గీతలతో సహా. పక్కనే మొలకలు. చాలామటుకు నిక్షేపంగా ఉన్నాయి, కొన్ని మొలవనే లేదు. పేచీ వచ్చింది ఆకులు చిరిగినవాటితో. మొదటి జత ఆకుల్లో సగానికి పైగా బాగుంటే అది మంచి మొలక, అంతకంటే పోతే కాదు. ఆ సగం అన్నది కంటితో చూసి తేల్చుకోవాల్సిందే.

మామూలుగా అయితే అక్కయ్య గారు అలాంటి మొలకని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసి చెప్పేస్తుంది. ఆ రోజు ప్రతిదాని దగ్గరా ఆగింది. సగానికి పైగా ఉన్నట్టే ఉంది. వెంటనే లోపలనుంచి ఇంకో గొంతు: తమ్ముడిదని వదిలేస్తున్నావా? అంతే, అది చెడ్డవైపు పడేది. ఇంకోటి. మళ్లీ అదే గొంతు. అదీ చెడ్డవైపే. చివరికి డెబ్బై ఎనిమిది తేలాయి. గుండెలో కలుక్కుమంది. కానీ ఆ నొప్పి పక్కనే, చెప్పుకోకూడదు గానీ, ఒక తృప్తి కూడా ఉంది. సొంత తమ్ముణ్ని కూడా వదల్లేదని.

రెండు రోజుల తర్వాత సాయంత్రం తమ్ముడూ మరదలూ ఇంటికొచ్చారు. తమ్ముడు ఎప్పట్లాగే చేతిలో కూరగాయల సంచితో, మొహం మీద నవ్వుతో. మరదలు నిప్పులు చెరుగుతూ.

"రెండంటే రెండు తక్కువట వదినా" అంది మరదలు, కుర్చీలో కూచోకుండానే. "మళ్లీ పరీక్ష పెట్టమని కాయితం మీద ఒక్క సంతకం చేస్తే చాలట. ఈయన చెయ్యనంటున్నాడు. మీరైనా చెప్పండి."

"ఎందుకు చెయ్యవురా?" అంది అక్క.

తమ్ముడు సంచి గోడవార పెట్టి, "చుట్ట విప్పి చూసింది నువ్వేనా అక్కా?" అని అడిగాడు.

"నేనే."

"అయితే ఇంకేం ఉంది? నువ్వు చూశాక మళ్లీ చూడమనడానికి నాకేం పుట్టింది? గింజలోనే లోపముంది. శనివారం దాణా లారీ వస్తుంది, ఎత్తి పంపించేస్తాను. వచ్చే ఏడు డిపోవాళ్లిచ్చే రకమే వేసుకుంటాను. ఇన్నేళ్లు చూశాను కదా, అమ్మ గింజకి ఇక ఓపిక అయిపోయింది."

"చూశారా?" అంది మరదలు. ఆవిడ గొంతులో కోపం పోయి ఏడుపు వచ్చింది. "రోజూ మొక్క మొక్కకీ వంగి చూసుకున్న మనిషి వదినా. నాలుగు మాటలు తిడితే బాగుండు, తిట్టడు."

"ఎవర్ని తిట్టమంటావే? అక్క అంపైరయితే నేను ఔటేగా" అని నవ్వేశాడు తమ్ముడు.

అది వాళ్లింట్లో పాత జోకు. చిన్నప్పుడు వీధిలో క్రికెట్ ఆడితే పెద్దదని అక్కని అంపైరుగా నిలబెట్టేవారు. ఒకసారి ఎవడో, నీ తమ్ముడని నాటౌట్ ఇచ్చావు అన్నాడు. ఆ ఒక్క మాట చెవిలో ఇల్లు కట్టుకుంది. ఇక అప్పటినుంచీ ఎవరు అరిచినా తమ్ముడు ఔటే. బంతి బ్యాటుకి తగిలినా ఔటే, తగలకపోయినా ఔటే. అక్క అంపైరయితే తమ్ముడు ఔటే అని వీధి వీధంతా పాడేవారు. వాడు మాత్రం ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు. బ్యాటు భుజాన వేసుకుని నడిచి వచ్చేసేవాడు. ఎవరైనా ఎగదోస్తే, "మా అక్క చూసింది కదా, ఔటే అయ్యుంటుంది" అనేవాడు.

అంటే వాడికి అది జోకు కాదు. ఆ సంగతి అక్కకి ఇన్నేళ్లకి, వాడు కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాక తట్టింది. వాడు అక్క కన్ను నమ్మాడు. అక్క కంటిని నమ్మి, తన కళ్లతో చూసుకున్న మొక్కల్ని అనుమానిస్తున్నాడు. ఆవిడ గడప మీదే కూచుండిపోయింది.

తెల్లారి పరీక్షశాల తలుపు తీస్తూనే అక్కయ్య గారు లెక్కలమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"మీ పెద్దమ్మ సంగతి చెప్పావే, ఉప్పు మానేసి జబ్బు పోయిందనుకుందని. అలాంటి జబ్బు నాకుందేమో చూడాలి. ఎలా చూడాలో నువ్వే చెప్పు."

ఆ పిల్ల ఎందుకని అడగలేదు. అందుకే అక్కయ్య గారికి ఆ పిల్లంటే ఇష్టం. ఫెయిలయిన చుట్టల్ని కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచుతారు. వాటితో పాటు ఆ వారం చూసిన మిగతా చిక్కుడు చుట్టలు కూడా ఉన్నాయి. లెక్కలమ్మాయి అన్నిట్లోంచీ ఆకు చిరిగిన మొలకల్ని తీసి, కడిగి, తొక్క ముక్క కూడా లేకుండా చేసి, అన్నీ కలిపేసి తెల్లటి ట్రేలలో పరిచింది. ఏది ఏ సంచిదో, మొదటిసారి ఏ వైపు పడిందో ట్రే అడుగున తను మాత్రమే గుర్తు పెట్టుకుంది. తొక్క పోయాక చిక్కుడు మొలకలన్నీ ఒక తల్లి బిడ్డల్లాగే ఉంటాయి. కాటుకా లేదు, చుట్టరికమూ లేదు.

అక్కయ్య గారు కళ్లద్దాలు తుడుచుకుని కూచుంది. మంచిది. మంచిది. కాదు. మంచిది. చేయి చకచకా పోయింది. లోపలి గొంతు ఎక్కడా నోరెత్తలేదు, ఎవరి గురించి ఎత్తాలో దానికీ తెలియలేదు మరి.

ముగిశాక లెక్కలమ్మాయి ట్రేలు ఒక్కొక్కటే ఎత్తి గుర్తులు చూసుకుంది. చూస్తున్నకొద్దీ ఆ పిల్ల మొహం మారింది.

"మిగతావాటన్నిటికీ మొదట చెప్పిందే ఇంచుమించు మళ్లీ చెప్పారు అక్కయ్య గారూ. అక్కడక్కడా తేడా వచ్చింది, అటు కొన్ని ఇటు కొన్ని. అది ఎవరికైనా వస్తుంది. ఈ ఒక్క సంచిలో మాత్రం..." అని ఆగింది. "అప్పుడు చెడ్డవన్నవాటిలో సగానికి పైగా ఇప్పుడు మంచివన్నారు. తేడా అంతా ఒకే వైపు పోయింది. ఎవరిదండీ ఇది? మీకు పడనివాళ్లదా?"

అక్కయ్య గారు కళ్లద్దాలు తీసి ట్రే పక్కన పెట్టింది. "మా తమ్ముడిది" అంది చివరికి.

లెక్కలమ్మాయి తన మంచినీళ్ల సీసా మూత తీసి ఆవిడ చేతికిచ్చింది.

"నేను వాడికి సాయం చేయకూడదనే అనుకున్నాను. అంతే. అంతకంటే ఏమీ అనుకోలేదు" అంది అక్కయ్య గారు.

"తెలుసండీ. పెద్దమ్మ కూడా మంచికే మానేసింది."

అధికారి గదిలోకి వెళ్లి చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. లోపల ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు.

"మీకెందుకు చెప్పండి ఈ తలనొప్పి? ఎవరికీ తెలియదు. బయటికి పొక్కితే జనం ఏమంటారో ఆలోచించారా? తమ్ముడి విత్తనం తప్పితే మళ్లీ పరీక్ష పెట్టించిందంటారు. అక్కయ్య గారికీ చుట్టాలున్నారంటారు."

"అంటారండీ. ఉన్నారు కాబట్టి అంటారు" అంది ఆవిడ. "ఆ మాట నేనే మొదటిరోజు చెప్పాల్సింది. నా చుట్టాన్ని నేను చూడను, ఇంకొకరు చూడండి అని. చెప్పకుండా చూశాను కాబట్టి నేను రాసింది చెల్లదు, కొట్టేయండి. మళ్లీ కొత్తగా వంద గింజలు పెట్టి సోడాబుడ్డి గారు చూస్తారు. ఎంత వస్తే అంత."

"మళ్లీ తక్కువే వస్తే?"

"దాణాకి పోతుంది. కానీ ఈసారి గింజ వల్ల పోతుంది, నా వల్ల కాదు."

వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. అవతల ట్రాక్టరు చప్పుడు.

"లారీని రావద్దని చెప్పరా."

"ఏమైందక్కా?"

"నేను ఔటిచ్చింది తప్పు. నీదని తెలిసీ చూశాను, నీదని తెలిసే మంచివాటిని కూడా చెడ్డవైపు వేశాను. మళ్లీ చూస్తున్నారు. నేను కాదు, వేరేవాళ్లు."

ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది.

"ఉన్నావా?" అంది అక్క.

"ఉన్నా. ఏం లేదక్కా, ఔటిచ్చాక ఒక్కసారి కూడా వెనక్కి పిలవలేదు కదా నువ్వు. ఎలా రావాలో తెలియక నిలబడ్డాను" అన్నాడు వాడు. నవ్వుతూ అన్నాడో, ఎలా అన్నాడో ఆవిడకి తెలియలేదు. ఫోన్ పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

ఆ మొలకలు వచ్చేదాకా అక్కయ్య గారు ఆ అలమరా ఉన్న గది వైపు వెళ్లలేదు. ముందు గదిలో సంచులకి అంకెలు వేసే పని పెట్టుకుంది. సోడాబుడ్డి అవస్థ చెప్పనలవి కాదు. కడుపులో మాట మొహంలో కనిపించే మనిషి కావడంతో, ఆవిడ ఎదురొస్తే గోడకి తిరిగి నిలబడేవాడు. లెక్కలమ్మాయి ఒకసారి టిఫిన్ డబ్బా దగ్గర, "ఈసారి ఎనభై దాటినా అందులో కొంత అదృష్టం ఉండొచ్చు, దాటకపోయినా అంతే. ఒక్క చుట్టతో ఏదీ పూర్తిగా తేలదు" అని గుర్తుచేసింది. అది ఓదార్పో హెచ్చరికో తెలియక అక్కయ్య గారు తలూపి డబ్బా మూత పెట్టింది.

ఎనభై మూడు వచ్చాయి. సోడాబుడ్డి ఆ అంకె రాసి, సంతకం పెట్టి, అప్పటికి గానీ ఆవిడ మొహంలోకి చూడలేదు.

పరీక్షశాలలో గుసగుసలు వచ్చాయి, రాకుండా ఉంటాయా? గుమ్మంలో నిలబడి నసిగేవాళ్లు ఇప్పుడు, "మీ తమ్ముడికైతే ఒకటి, మాకైతే ఒకటా?" అని కూడా అంటున్నారు. ఆవిడ విని ఊరుకుంటోంది. మెడ నిక్కించడం మాత్రం తగ్గింది.

తర్వాత వచ్చిన సెలవురోజున తమ్ముడింట్లో భోజనాలు. గింజ డిపోకి చేరింది, మరదలి మొహం విప్పారింది, కొసరి కొసరి వడ్డించింది. భోజనాలయ్యాక వాకిట్లో తండ్రీకూతుళ్లు క్రికెట్ మొదలుపెట్టారు. మేనకోడలు పరుగెత్తుకుంటూ వచ్చి విసిరిన బంతి సూటిగా వచ్చి తమ్ముడి మోకాలికి తగిలింది. వెనక వికెట్లుగా పెట్టిన ప్లాస్టిక్ స్టూలు. వరండా మెట్టు మీద కూచున్న అక్కకి అంతా స్పష్టంగా కనిపించింది. అది అచ్చంగా ఔటు.

"అత్తా, ఔటా కాదా?" అని అరిచింది మేనకోడలు.

తమ్ముడు అలవాటు కొద్దీ అప్పటికే బ్యాటు భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

"నన్నడక్కు తల్లీ. నేను అంపైర్ని కాను" అంది అక్క.

"మరెవరు నువ్వు?"

"మీ నాన్నకి అక్కని."

తమ్ముడు నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఆవిడ వైపు చూశాడు. తర్వాత వెనక్కి వెళ్లి స్టూలు ముందు నిలబడి, కూతురు ఎంత గోల చేసినా వినకుండా, బ్యాటు నేలకి ఆనించాడు.